పంపు మీద పానా పెట్టేముందు

దమ్ములు జోరుమీదున్న రోజుల్లో ఏ ఊళ్ళో ట్రాక్టర్ షెడ్డు దగ్గర కాసేపు నిలబడినా డీజిల్‌ను ఇంజన్‌లోకి కొట్టే ఇంజెక్షన్ పంపు గురించి ఒక మాట చెవిన పడుతుంది: "పంపు పోయింది." పొద్దున బండి లేవలేదా, పంపు పోయింది. నల్లపొగ తోలుతోందా, పంపు పోయింది. మడి మధ్యలో గుక్కపట్టి ఆగిపోయిందా, అదీ పంపే. బానెట్ ఎత్తకముందే వచ్చేస్తుంది తీర్పు. ఇక పంపు ఊడదీసి గోనెసంచిలో చుట్టి టౌనుకు పంపడం, రెండు మూడు రోజులు బండి చెట్టు కింద ఉండిపోవడం, వేలల్లో బిల్లు కట్టడం. ఇంతా అయ్యాక, పంపు బిగించిన మర్నాడే బండి మళ్ళీ అదే మడిలో అదే తీరున ఆగిపోవడం కూడా అరుదేం కాదు.

పాత డీజిల్ బండిలో డీజిల్ అందని తేడా వస్తే వెతుకులాట ట్యాంకు మూత దగ్గర మొదలై పంపు దగ్గరికి చివర్లో చేరాలన్నది నా వాదన. డబ్బు మిగులుతుందని మాత్రమే ఈ మాట అనడం లేదు. పంపు నిజంగానే పోయినా, దాన్ని తినేసింది పైనుంచి దిగిన నీళ్ళో మట్టో అయ్యుంటుంది. ఆ నీళ్ళూ మట్టీ ట్యాంకులోనే ఉంటే, కాలిబ్రేషన్ (డీజిల్ కొలత సరిచేయడం) చేయించి తెచ్చిన పంపుకూ అదే గతి. అంటే పంపు తప్పున్నా లేకపోయినా ట్యాంకు వైపు పని తప్పదు. తప్పని పనిని ముందు చేసుకోవడంలో నష్టమేముంది?

ఇక్కడ చెప్పేది మహీంద్రా 475, 575 లాంటి ఇన్‌లైన్ పంపు (సిలిండర్‌కు ఒకటి చొప్పున డీజిల్ నెట్టే కడ్డీలు వరసగా ఉండేది) బండ్ల గురించి, పర్కిన్స్ నమూనా సింప్సన్ ఇంజన్ మీద రోటరీ పంపు (తిరిగే ఒకే రోటరుతో అన్ని సిలిండర్లకూ డీజిల్ పంచేది) ఉన్న పాత మాస్సీల గురించి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో డీజిల్ కొట్టే కామన్ రైల్ బండ్ల లెక్క పూర్తిగా వేరు, వాటికి ఈ పద్ధతులేవీ వాడకండి.

సెల్ఫ్ కొట్టి పొగ చూడండి

పానా పట్టకముందు చేయాల్సిన పని ఒకటుంది, ఖర్చు లేనిది. ఒకరు సెల్ఫ్ కొట్టాలి, ఇంకొకరు సైలెన్సర్ వైపు చూడాలి. ఇంజన్ తిరుగుతున్నా పొగ జాడే లేదంటే సిలిండర్లలోకి డీజిల్ చేరడం లేదు. తెల్లపొగ గుప్పుగుప్పుమని వస్తోందంటే డీజిల్ చేరుతోంది, మండడం లేదు. ఈ రెండో సందర్భంలో పంపు తన పని తాను చేస్తోంది. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) తగ్గిందేమో, సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందేమో, టైమింగ్ (డీజిల్ కొట్టే సమయం) తప్పిందేమో చూడాలి. అప్పుడు పంపు విప్పితే ఉన్న టైమింగ్ కూడా పోతుంది.

పొగ లేకపోతే వెంటనే చూడాల్సింది ఇంజన్ ఆపడానికి లాగే స్టాపర్ కేబుల్. తుప్పు పట్టిన కేబుల్, లాగాక పూర్తిగా వెనక్కి రాదు. నాబ్ లోపలికి నొక్కేసినట్టే కనబడుతుంది, పంపు మీద లివర్ మాత్రం సగంలోనే నిలబడి ఉంటుంది. ఆ లివర్‌ని చేత్తో కదిపి చూడండి. పూర్తిగా వెనక్కి రాకపోతే బండి లేవదు, లేచినా పికప్ ఉండదు. ఆక్సిలేటర్‌కీ ఇదే పరీక్ష: పూర్తిగా ఇచ్చినప్పుడు పంపు మీద లివర్ మ్యాక్సిమమ్ స్క్రూని తాకాలి. లింకు పిన్నులు అరిగి తాకకపోతే బండి బలం తగ్గిందనిపిస్తుంది, నేరం పంపు మీద పడుతుంది. ఆ స్క్రూకి సీలు ఉంటుంది. బలం కోసమని సీలు తెంచి స్క్రూ తిప్పేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చేయకండి. అది ఇంజన్ వేగానికి హద్దు పెట్టే స్క్రూ, తిప్పితే ఇంజన్ హద్దు దాటి తిరిగి దెబ్బతింటుంది.

లోడు మీద నల్లపొగ వస్తే ముందు ఎయిర్ క్లీనర్ విప్పండి. కోతల్లో దుమ్ము తిన్న ఆయిల్ బాత్ (దుమ్ము పట్టే ఆయిల్) గిన్నెలో ఆయిల్ బదులు గారెల పిండిలా బురద ఉంటుంది. గాలి చాలక వచ్చే పొగకు పంపు ఏం చేస్తుంది? నీలిపొగ అయితే అది ఇంజన్ ఆయిల్ కాలడం, డీజిల్ దారితో సంబంధం లేదు.

ఆగితే బాగుపడే జబ్బు

ఇరవై నిమిషాలు బాగా దున్ని, నీరసించి ఆగిపోయి, ఓ పది నిమిషాలు అలా వదిలేస్తే మళ్ళీ మామూలుగా లేచే బండిని చాలామంది చూసే ఉంటారు. "పంపు వేడెక్కుతోంది" అనేస్తారు. రోటరీ పంపులో అలాంటి జబ్బు ఉన్నమాట నిజమే, దాని సంగతి తర్వాత చెబుతాను. కానీ ఇదే లక్షణం చూపించే చవక కారణాలు ముందు రెండున్నాయి.

ఒకటి ట్యాంకు మూతకున్న గాలి రంధ్రం. మట్టి పట్టి అది మూసుకుంటే, డీజిల్ దిగే కొద్దీ ట్యాంకులో గాలి పలచబడి, డీజిల్ కిందికి రావడం తగ్గుతుంది. బండి నీరసించినప్పుడు మూత వదులు చేయండి. సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడైతే దొంగ దొరికినట్టే. మూత కడిగి, సన్నని తీగతో రంధ్రం తెరిస్తే పని అయిపోయింది. కంపెనీ మూత పోయిందని పాలిథిన్ కవరు బిగించి తాడు కట్టిన బండ్లకు ఈ జబ్బు రాకుండా ఎలా ఉంటుంది?

రెండోది ట్యాంకు అడుగున ఉంటుంది. ఎండిన ఆకు ముక్క, ట్యాంకు లోపలి పెయింటు పెచ్చు, డీజిల్ వడకట్టిన గుడ్డ నుంచి ఊడిన పోగు, ఇలాంటిదేదో. డీజిల్ పారుతున్నంతసేపూ అది మెల్లగా జరుగుతూ జరుగుతూ ట్యాప్ రంధ్రం మీదికి వచ్చి కప్పుకుంటుంది. ఇంజన్ ఆగిందా, పారడం ఆగి అది తేలిపోతుంది. అప్పుడు మెకానిక్ వచ్చి పైపు ఊడదీస్తే డీజిల్ బొటబొటా కారుతుంది. "ట్యాంకు క్లియర్‌గానే ఉంది, పంపు విప్పాల్సిందే" అంటాడు. చూసింది నిజమే, కానీ చూసింది అర నిమిషం. పైపును బకెట్లో పెట్టి ఐదు నిమిషాలు పారనివ్వండి. ధార మొదటి నిమిషంలో ఎంత లావుగా ఉందో ఐదో నిమిషంలోనూ అంతే ఉండాలి. సన్నబడుతూ పోతే ట్యాంకు దించి కడగాల్సిందే. దించలేకపోతే డ్రెయిన్ ప్లగ్ తీసి మొత్తం వదిలేసి, ట్యాప్ విప్పి దాని జాలీ చూడండి.

ఐడ్లింగులో బ్రహ్మాండంగా నడిచే బండి దమ్ములో ఎందుకు ఆగుతుందంటే లెక్క చిన్నదే. దమ్ముకు వేసే ఇనుప కేజ్ వీల్స్‌తో 40 హెచ్‌పీ బండి గంటకు 5, 6 లీటర్లు తాగుతుంది. 6 అనుకుంటే నిమిషానికి 100 మిల్లీలీటర్లు, ఓ టీ గ్లాసుడు. ఐడ్లింగులో గంటకు లీటరు అటూ ఇటూ, అంటే నిమిషానికి మూడు నాలుగు చెంచాలు. ముప్పాతిక మూసుకుపోయిన దారిలో కూడా ఆ చెంచాలు దిగుతాయి. కాబట్టి షెడ్డులో రేజ్ చేసి చూసి "ఇప్పుడు బాగానే ఉంది" అనడంలో అర్థం లేదు. లోడు మీద చూడాలి.

గాలి ఎక్కడ దూరుతోంది

"ఎయిర్ పట్టింది, ఎయిర్ తీయాలి" అని, అంటే డీజిల్ దారిలో గాలి చేరిందని, ప్రతి డ్రైవరుకూ తెలుసు. తీయడమూ తెలుసు. పొద్దున తీసి, మధ్యాహ్నం తీసి, సాయంత్రం మళ్ళీ తీస్తుంటారు. గాలి తనంతట తాను పుట్టదు కదా, దూరే కంత ఒకటి ఉండి తీరాలి. దాన్ని వెతక్కుండా రోజూ ఎయిర్ తీయడం అంటే చిల్లు కుండలో నీళ్ళు పోయడమే.

కంత ఎటువైపు ఉందో తెలుసుకోవడానికి ఒక సూత్రం చాలు. ట్యాంకు నుంచి డీజిల్ లాగి పెద్ద పంపుకు అందించే చిన్న పంపు ఫీడ్ పంపు. అది దాటాక డీజిల్ ఒత్తిడి మీద ఉంటుంది, అక్కడ లీకుంటే బయటికి కారుతుంది, తడి కనబడుతుంది. ఫీడ్ పంపుకు ముందు, అంటే ట్యాంకు వైపు, పంపు పీలుస్తుంటుంది. అక్కడ వదులుంటే గాలి లోపలికి పోతుంది, బయట పొడిగా ఉంటుంది. అందుకే తడి కోసం వెతికేవాళ్ళకు అసలు కంత దొరకదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. మన ట్రాక్టర్లలో ట్యాంకు ఇంజన్ పైనే ఉంటుంది కాబట్టి దారి బాగుంటే డీజిల్ బరువుకే కిందికి దిగుతుంది, పీలుపు పెద్దగా ఉండదు. ట్యాప్ జాలీయో, నీళ్ళూ మట్టీ అడుగుకు దిగే గిన్నె అయిన బౌలో సగం మూసుకుపోయినప్పుడే పీలుపు పెరిగి, వదులుగా ఉన్న ప్రతి కీలు దగ్గరా గాలి దూరుతుంది. అంటే చాలాసార్లు గాలి జబ్బు వెనక చెత్త జబ్బు దాక్కుని ఉంటుంది. ట్యాంకులో డీజిల్ సగానికి దిగాకే బండి మొరాయిస్తోందంటే ఈ దిక్కున చూడండి.

వెతకాల్సిన చోట్లు: బౌల్ కింది రబ్బరు వాషర్, బాంజో బోల్టుల (పైపు చివరి రింగులో దూరే బోలు బోల్టులు) కాపర్ వాషర్లు, ఫీడ్ పంపు మీద చేత్తో డీజిల్ కొట్టే హ్యాండ్ ప్రైమర్, రబ్బరు పైపుల చివర్లు. క్లిప్పు బదులు బైండింగ్ వైరు చుట్టిన పైపు వైరు దగ్గర రెండు చోట్ల బిగిసి, మిగతా చుట్టూ వదులుగా ఉంటుంది. చవక ప్లాస్టిక్ పైపు డీజిల్‌కు ఉబ్బి, వేడికి మెత్తబడి, పీలుపుకు లోపలికి చప్పబడుతుంది. ఇంజన్ ఆగాక మామూలుగా గుండ్రంగా కనబడుతుంది! కాపర్ వాషర్ కొత్తది దొరక్కపోతే పాతదాన్ని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచండి, రాగి మెత్తబడి మళ్ళీ కూర్చుంటుంది. మర మీద టెఫ్లాన్ టేపు మాత్రం చుట్టకండి. బాంజోలో ఆపేది వాషరు, మర కాదు. ఆ టేపును ఫిల్టరు దాటిన చోట చుట్టారంటే దాని పోగులు తిన్నగా, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్‌లోకి పోతాయి.

అనుమానం తీరాలంటే సెకండరీ (రెండో) ఫిల్టరుకీ పంపుకీ మధ్య జానెడు పారదర్శక పైపు తాత్కాలికంగా వేసి నడపండి. బుడగలు వస్తున్నాయో లేదో కళ్ళకే కనబడుతుంది. చూశాక తీసేయండి, వేడికి అది నిలవదు.

ఎయిర్ తీయడంలోనూ వరస తప్పకూడదు. ట్యాంకుకు దగ్గరి ఫిల్టరు ముందు. దాని మీద గాలి వదిలే బ్లీడింగ్ స్క్రూ రెండు చుట్లు వదులు చేసి, హ్యాండ్ ప్రైమర్ కొట్టండి. నురగ పోయి ఒకే ధార వచ్చాక, ధార వస్తుండగానే స్క్రూ బిగించండి. కొట్టడం ఆపి బిగిస్తే ఆ క్షణంలో గాలి వెనక్కి దూరుతుంది. తర్వాత రెండో ఫిల్టరు, ఆ తర్వాత పంపు. రోటరీ పంపులో అయితే రెండు చోట్ల తీయాలి: కింద పంపు ఒంటి మీది స్క్రూ ముందు, పైన గవర్నర్ (ఇంజన్ వేగాన్ని అదుపుచేసే భాగం) కప్పు దగ్గరిది తర్వాత. చివరగా నాజిళ్ళ దగ్గర పైపు నట్లు ఒక చుట్టు వదులు చేసి, సగం ఆక్సిలేటర్ పెట్టి సెల్ఫ్ కొడితే డీజిల్ చిమ్ముతుంది, అప్పుడు బిగించాలి. సెల్ఫ్ ఒక్కసారికి 10 సెకన్లు మించి కొట్టకుండా, మధ్యలో నిమిషం వదలండి. అంతా అయ్యాక హ్యాండ్ ప్రైమర్ నాబ్ తిరిగి బిగించడం మరిచిపోతే అదే కొత్త కంత.

డయాఫ్రమ్ (ఊగే రబ్బరు పొర) ఫీడ్ పంపు ఉన్న మాస్సీల్లో ఒక్కోసారి చేతి లివరు ఎంత కొట్టినా సత్తువ లేకుండా ఊగుతుంది. ఫీడ్ పంపు పోయిందని మార్చేస్తారు. లోపల దాన్ని కదిలించే క్యామ్ ఎత్తు మీద ఆగి ఉంటే డయాఫ్రమ్ అప్పటికే లాగబడి ఉంటుంది, లివరుకు పని ఉండదు. ఇంజన్ ఒక చుట్టు తిప్పి మళ్ళీ కొట్టి చూడండి.

బండికి సెలైన్

ఇన్ని పరీక్షలకు సమయం లేనప్పుడు సగం దారిని ఒక్క దెబ్బకు తేల్చే పద్ధతి ఉంది. శుభ్రమైన 5 లీటర్ల క్యాను, దాని అడుగు నుంచి రెండు మూడు అడుగుల డీజిల్ పైపు, వడకట్టిన డీజిల్. క్యానును బానెట్ కంటే ఎత్తున గట్టిగా కట్టి, సైలెన్సర్‌కు దూరంగా, ఆ పైపును ఫీడ్ పంపులోకి డీజిల్ వచ్చే దారికి తగిలించండి. ఆసుపత్రిలో సెలైన్ పెట్టినట్టే. ఎయిర్ తీసి, బండిని మడిలోకి దించి లోడు మీద అరగంట నడపండి. బాగా లాగిందంటే పంపు, నాజిళ్ళు, ఫిల్టర్లు నిర్దోషులు. తప్పు ట్యాంకు, ట్యాప్, బౌల్, వాటి మధ్య పైపుల్లోనే ఉంది. అప్పటికీ లాగకపోతే అదే పైపును ఫిల్టర్లు దాటించి పంపుకు తగిలించాలనిపిస్తుంది. దయచేసి వద్దు. పంపులో డీజిల్ నెట్టే ప్లంజరుకీ అది కదిలే బ్యారెల్‌కీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతులు), తల వెంట్రుక మందం దానికి ఇరవై రెట్ల పైనే. ఫిల్టరు లేకుండా పంపిన ఒక్క గ్లాసు డీజిల్ చాలు గీతలు పడటానికి. బదులుగా ఫిల్టర్లు మార్చి చూడండి. గుడ్డ లేక ఫెల్ట్ ఉన్న ప్రైమరీ (మొదటి) ఫిల్టరును డీజిల్‌లో కడగొచ్చు. పేపరు ఫిల్టరును కడగకూడదు, గాలి కొట్టకూడదు. కడిగితే కాగితం చిరిగి, కనబడని రంధ్రంలోంచి చెత్తంతా పోతుంది.

మిస్సింగ్ ఉంటే, అంటే ఏదో సిలిండర్ సరిగా మండకపోతే, ఏ నాజిల్ చెడిందో కనిపెట్టడమూ సులువే. ఐడ్లింగులో ఒక్కో నాజిల్ పైపు నట్టు వదులు చేయండి. ఇంజన్ చప్పుడు పడిపోతే ఆ నాజిల్ పనిచేస్తోంది. ఏ మార్పూ లేకపోతే జబ్బు ఆ సిలిండర్‌లో. మీద గుడ్డ వేసి చేయండి, మొహం దూరంగా పెట్టండి. నాజిల్ బయటికి తీసి స్ప్రే చూసేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టడం మహా ప్రమాదం. 200 బార్ అటూ ఇటూ ఒత్తిడితో వచ్చే డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినట్టే ఉంటుంది, లోపల కండ చెడిపోతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్ళాలి.

నీళ్ళ సంగతి

బౌల్‌లో డీజిల్ కింద గాజు రంగులో వేరే పొర కనబడితే అవి నీళ్ళు. సందేహముంటే తెల్ల సీసాలో పట్టి గంటసేపు కదపకుండా పెట్టండి, నీళ్ళు అడుగుకు దిగుతాయి. రోటరీ పంపుకు నీళ్ళంత శత్రువు లేదు, దాని లోపలి భాగాలకు డీజిలే ఆయిల్. ఈ నీళ్ళలో చాలావరకు బంకు నుంచి రావు, ఇంటి దగ్గరి డ్రమ్ము నుంచి వస్తాయి. వానలో నిలబెట్టిన డ్రమ్ము మీద నీళ్ళు నిలిచి, మూత వాషర్ లోంచి దిగుతాయి. డ్రమ్మును ఒక పక్కకు వాల్చి పెట్టి, అడుగు నాలుగంగుళాలు తోడకుండా వదిలేయండి. సాయంత్రం బండి ఆపేటప్పుడు ట్యాంకు నింపితే రాత్రి చల్లదనానికి ఖాళీ ట్యాంకు గోడలకు పట్టే చెమ్మ తగ్గుతుంది. పొద్దున సెల్ఫ్ కొట్టకముందే బౌల్ కింది ప్లగ్ ఒక్క క్షణం వదలండి. రాత్రంతా దిగిన నీళ్ళు అప్పుడే దొరుకుతాయి.

మరి పంపే అయితే?

మెకానిక్‌ను తప్పుపట్టడం తేలిక. సీజన్లో పది బండ్లు వరసలో ఉంటాయి. గంటసేపు ట్యాంకు, పైపులు చూసి ఐదు రూపాయల వాషర్ వేసినందుకు ఎవరూ డబ్బివ్వరు, పంపు మార్పించినందుకే ఇస్తారు. వెతికిన గంటకు కూలి ఇవ్వని మనమూ ఆ తొందర తీర్పులో భాగస్తులమే. పరీక్షించినందుకు వేరే డబ్బిస్తామని ముందే చెబితే ఆ మెకానిక్కే బకెట్ పెట్టి ఐదు నిమిషాలు ఆగుతాడు.

"బీఎస్-6 డీజిల్ వచ్చాకే పాత పంపులు పోతున్నాయి" అనే మాట కూడా బాగా నడుస్తోంది. బీఎస్-6 అంటే కాలుష్య ప్రమాణం. 2020 ఏప్రిల్ 1 నుంచి డీజిల్‌లో గంధకం 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) నుంచి 10కి తగ్గింది. గంధకం తీసేటప్పుడు డీజిల్ జారుడుతనం తగ్గుతుందన్నదీ నిజమే. దానికి మందుగా జారుడుతనానికి ప్రమాణంలోనే హద్దు పెట్టారు, పరీక్షలో లోహం మీద పడే అరుగుడు మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదు. కాబట్టి బంకు డీజిల్‌ను ముందుగా అనుమానించలేను. ఏళ్ళ తరబడి గట్టిపడిన పాత రబ్బరు సీళ్ళు కొత్త డీజిల్‌తో కారడం మొదలెడితే ఆశ్చర్యం లేదు, అప్పుడు సీళ్ళు మారిస్తే చాలు. జారుడుతనం నిజంగా పోయేది కిరోసిన్ కలిపితేనే.

పంపు నిజంగా అరిగితే అదీ ఆనవాళ్ళిస్తుంది. రోటరీ పంపు బండి పొద్దున చల్లగా ఉన్నప్పుడు తేలిగ్గా లేచి, దున్ని ఆపాక వేడి మీద లేవదు. వేడికి డీజిల్ పలచబడి అరిగిన రోటరు సందుల్లోంచి జారిపోతుంది. ముందు బ్యాటరీ, సెల్ఫ్ చూడండి, సెల్ఫ్ నీరసంగా తిరిగినా ఇదే లక్షణం. సెల్ఫ్ బాగుంటే, ఇంజన్ ఆగి ఉన్నప్పుడు పంపు మీద తడిగుడ్డ కప్పి పావుగంట ఉంచండి. చల్లబడ్డాక లేస్తే రోటరు తిరిగే పంపు హెడ్డు అరిగినట్టే. నడుస్తున్న వేడి పంపు మీద చన్నీళ్ళు గుమ్మరించకండి, పట్టేస్తుంది. ఇంకో ఆనవాలు డిప్‌స్టిక్. ఇంజన్ ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతూ, డీజిల్ వాసన వస్తుంటే బండి నడపకండి. డయాఫ్రమ్ ఫీడ్ పంపు ఉంటే ముందు దాని డయాఫ్రమ్ చిరిగిందేమో చూడండి, చవకగా తేలిపోతుంది. అది బాగుంటేనే పంపు సీలుమీదా ప్లంజర్ల మీదా అనుమానం.

అన్నీ చూశాక పంపు దించక తప్పలేదనుకోండి. దించేముందు చుట్టూ డీజిల్‌తో కడిగి, ఫ్లాంజ్ మీది టైమింగ్ గీతలు రెండూ ఎదురెదురుగా ఉన్నాయో లేదో చూసి, గీత లేకపోతే సన్నని ఉలితో పెట్టుకుని, ఊడిన ప్రతి పైపు మూతికీ శుభ్రమైన ప్లాస్టిక్ కవరు కట్టండి. పంపు టౌనులో ఉన్న ఆ రెండు రోజుల్లోనే ట్యాంకు దించి కడిగి, పైపులన్నీ ఊది, ఫిల్టర్లు కొత్తవి వేయండి. పంపు తిరిగొచ్చాక సెకండరీ ఫిల్టరు నుంచి బయటికి వచ్చే పైపును పంపుకు వెంటనే తగిలించకుండా తెల్ల సీసాలో పెట్టి, ప్రైమర్‌తో ఓ లీటరు కొట్టండి. ఎండకు పట్టి చూస్తే సీసా అడుగున రేణువులు గానీ నీటిపొర గానీ ఉంటే అది పారబోసి మరో లీటరు. తేటగా వచ్చాకే ఆ పైపు పంపు మీదికి.